బైకులు, రైడింగ్ గేర్ తీసుకెళ్లడానికి ఏ బండి మాట్లాడుకోవాలి? తిరుపతి, చిత్తూరు రైడర్లకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, ట్రాక్ డేకి బైక్ తీసుకెళ్లాలి, టాటా ఏస్ సరిపోతుందా? బొలెరో మాట్లాడుకోవాలా?" ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది. ట్రాక్ డే అంటే రేస్ ట్రాక్ మీద మన బైక్ మనం నడుపుకునే రోజు. తిరుపతి నుంచి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లేవాళ్లు, చిత్తూరు మీదుగా కోలార్ డర్ట్ పార్కుకి (మట్టి ట్రాకులున్న చోటు) వెళ్లేవాళ్లు, ఇల్లు మారుతూ రెండు బైకులు ఒకేసారి పంపాలనుకునేవాళ్లు, అందరూ ముందు అడిగేది బండి పేరే.

పేరు తర్వాత. ముందు టేపు తీయండి. చాలామంది బరువు గురించి టెన్షన్ పడతారు గానీ, మన దగ్గర దొరికే ఏ చిన్న గూడ్స్ బండికైనా రెండు బైకుల బరువు ఒక లెక్క కాదు. తేడా కొట్టేది బాడీ పొడవు, నేల నుంచి బాడీ ఎత్తు, బెల్టులు తగిలించే కొక్కేలు. ఈ మూడూ చూసి బండి ఎంచుకుంటే మిగతా పని తేలిక. ఇక్కడ గూడ్స్ బండిని 'బండి' అనీ, మోటార్‌సైకిల్‌ని 'బైక్' అనీ రాస్తున్నాను.

## 1. ముందు కొలతలు రాసుకోండి

ఫోన్లోనో కాగితం మీదో ఇవి రాసుకున్నాకే డ్రైవర్‌కి ఫోన్ చేయండి.

- బైక్ మొత్తం పొడవు: ముందు టైరు అంచు నుంచి వెనక మడ్‌గార్డ్ చివరి దాకా
- హ్యాండిల్ వెడల్పు: ఈ చివరి నుంచి ఆ చివరికి, అద్దాలు తీసేసి
- రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్
- బైక్ బరువు
- మీతో వచ్చే మనుషులు ఎంతమంది
- గేర్ బ్యాగులు, టూల్ బాక్స్, స్టాండ్లు ఎన్ని

కొన్ని బైకుల లెక్కలు చెబుతాను, పోల్చుకోవడానికి పనికొస్తాయి. స్ప్లెండర్ ప్లస్ పొడవు 2,000 మి.మీ., అంటే 6 అడుగుల 7 అంగుళాలు. బరువు సుమారు 112 కిలోలు. క్లాసిక్ 350 పొడవు 2,145 మి.మీ., అంటే 7 అడుగుల పైన కొంచెం. బరువు 195 కిలోలు. హిమాలయన్ 450 పొడవు 2,245 మి.మీ., 7 అడుగుల 4 అంగుళాలు. బరువు 196 కిలోలు. పెట్టెలు, క్రాష్ గార్డులు బిగించి ఉంటే కంపెనీ చెప్పిన కొలతలు పనికిరావు, మీ బైక్‌నే కొలవండి.

మనుషుల లెక్కని తేలిగ్గా తీసుకోకండి. ఏస్‌లోనూ మామూలు పికప్‌లోనూ డ్రైవర్ పక్కన సాధారణంగా ఒక్కరికే చోటు. ఎంతమంది కూర్చోవచ్చో ఆర్‌సీలో ఉంటుంది. ముగ్గురు స్నేహితులు రెండు బైకులతో వెళ్తుంటే ఇంకో కారు తీయాలి, లేదా ఇద్దరు బస్సెక్కాలి. ఈ ఖర్చు ముందే లెక్కేసుకోకపోతే పొద్దున్నే బండి దగ్గర గొడవ.

## 2. ఏ బాడీలో ఏది పడుతుంది

టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ తరహా చిన్న బండ్లు. బాడీ పొడవు సుమారు 7 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 4 అడుగుల 10 అంగుళాలు. ఒక స్ప్లెండర్‌కో స్కూటర్‌కో దర్జాగా సరిపోతుంది. క్లాసిక్ పడుతుంది గానీ వెనక డోర్‌కి, మడ్‌గార్డ్‌కి మధ్య చెయ్యి దూరదు. హిమాలయన్ తిన్నగా పట్టదు. ఐమూలగా పెట్టాలి, అప్పుడు ఇంకో బైక్‌కి చోటుండదు.

రెండు క్లాసిక్‌లు ఏస్‌లో ఎక్కించవచ్చా? ఒక్కో హ్యాండిల్ వెడల్పు 785 మి.మీ., రెండు కలిపితే 5 అడుగులు దాటిపోతుంది. కాబట్టి ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి తిప్పి పెట్టాలి. బొమ్మ గీస్తే బాగానే కనిపిస్తుంది. కానీ 195 కిలోల బైక్‌ని ర్యాంపు మీద వెనక్కి నెట్టాలంటే ఇంజిన్ సాయం ఉండదు, అంతా భుజాల బలమే. అందుకే పెద్ద బైకులు రెండైతే ఏస్ వద్దంటాను.

అశోక్ లేలాండ్ దోస్త్, బొలెరో పికప్ తరహా బండ్లు. మన అవసరానికి సరిగ్గా సరిపోయేవి ఇవే. దోస్త్ బాడీ సుమారు 8 అడుగులు. బొలెరో పికప్‌లలో మోడల్‌ని బట్టి 8 నుంచి 10 అడుగుల దాకా ఉన్నాయి. 9 అడుగుల బాడీ అయితే రెండు బైకులూ ముందుకే చూసేలా పెట్టవచ్చు. ఒకటి ముందు గోడకి ఆనించి, రెండోది అడుగున్నర వెనగ్గా పెడితే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. రెండూ ఇంజిన్ సాయంతోనే ఎక్కుతాయి.

ఇబ్బంది ఒకటుంది. ఈ బండ్ల వెనక కట్టలు (స్ప్రింగు పట్టీలు) టన్నుకి పైగా బరువు మోయడానికి చేసినవి. 400 కిలోలు వేస్తే అవి వంగను కూడా వంగవు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బైకులు ఎగిరెగిరి పడతాయి. టైర్లలో గాలి కూడా ఫుల్ లోడ్‌కి తగ్గట్టు కొట్టి ఉంటుంది. బండి పుస్తకంలో తక్కువ లోడ్‌కి ఎంత చెప్పారో చూసి, ఆ మేరకు తగ్గించమని డ్రైవర్‌ని అడగండి.

ఇసుజు వి-క్రాస్, బొలెరో క్యాంపర్ తరహా డబుల్ క్యాబ్‌లు. మనుషులందరూ ఏసీలో కూర్చుని, బైక్ వెనక పెట్టుకుని వెళ్లవచ్చన్నది ఆశ. వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, చూడటానికి బాగుంటుంది, నడపటానికి ఇంకా బాగుంటుంది. కానీ వెనక బాడీ పొడవు 5 అడుగుల లోపే. ఏ పెద్ద బైక్ పెట్టినా ముందు చక్రం గోడకి ఆనాక వెనక చక్రం తెరిచిన డోర్ మీదికి వస్తుంది. అంటే బైక్ బరువులో దాదాపు సగం డోర్ మీద, దాన్ని పట్టుకున్న రెండు తీగల మీద. గుంతల రోడ్డు మీద ఎంత దూరం ఆ నమ్మకంతో వెళ్తారో మీరే ఆలోచించుకోండి. వెనక నంబర్ ప్లేటు, లైట్లు కూడా మరుగున పడతాయి. ఒకే ఒక డర్ట్ బైక్, నలుగురు మనుషులు అనుకుంటే తప్ప నేను దీన్ని ఎంచుకోను.

మూసిన వ్యాన్లు. వాన పడదు, దుమ్ము రాదు, గేర్ భద్రం. తలుపు ఎత్తుని హ్యాండిల్ ఎత్తుతో పోల్చి చూసుకోండి. ఈకో లాంటి చిన్న వ్యాన్‌లో చిక్కు అక్కడే వస్తుంది. ట్రావెలర్ డెలివరీ వ్యాన్ లాంటి ఎత్తైనవి దొరికితే మంచిదే. అయితే మనుషులు కూర్చునే చోటుకీ బైకులున్న చోటుకీ మధ్య గోడ లేకపోతే మే నెల ఎండకి పెట్రోల్ ఆవిరి మొత్తం లోపలే తిరుగుతుంది. మధ్యలో గోడ లేని వ్యాన్ వద్దు.

## 3. అద్దెకా, సొంతమా

నెలకి ఒకసారి కూడా వెళ్లనివాళ్లకి అద్దె బండే మేలు. సొంత పికప్ అంటే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పార్కింగ్, వారమంతా ఖాళీగా నిలబడే ఇనుము. నలుగురైదుగురు కలిసి క్రమంగా ట్రాక్‌కి వెళ్తుంటే సెకండ్ హ్యాండ్ పికప్ ఆలోచించవచ్చు. అప్పుడు ఛాసిస్ తుప్పు, ఫిట్‌నెస్ తేదీ, పన్ను బకాయి, ఫైనాన్స్ ఎన్ఓసీ (అప్పు తీరిందన్న కాగితం), ఈ నాలుగూ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

అద్దెకి మాట్లాడేటప్పుడు కిరాయి ఒక్కటే అడిగి ఊరుకోకండి.

- ఒక వైపా, రానూపోనూనా
- ట్రాక్ దగ్గర రోజంతా ఆగితే వెయిటింగ్ ఎంత
- టోల్, పక్క రాష్ట్రం ఖర్చు ఎవరిది
- ఎక్కించడం, దించడంలో డ్రైవర్ చెయ్యి వేస్తాడా
- దారిలో వేరే సరుకు ఎక్కించడు కదా

ఆఖరిది ముఖ్యం. తిరుగు ప్రయాణంలో "ఖాళీ ఉంది కదన్నా" అని టమాటా బాక్సులు ఎక్కించే డ్రైవర్లున్నారు. మదనపల్లె, పలమనేరు వైపు వెళ్లేవాళ్లకి ఇది కొత్తేం కాదు.

## 4. బండి వచ్చాక చూడాల్సినవి

ఫోన్లో "పెద్ద బాడీ అన్నా" అంటారు. వచ్చాక కొలవండి. డ్రైవర్ ఏమీ అనుకోడు.

కొక్కేల దగ్గర కొంచెం ఆగండి. మన గూడ్స్ బండ్లకి బాడీ బయట అంచు కింద వరసగా సన్నని కొక్కేలుంటాయి. అవి పట్టా మీద తాడు లాగి కట్టడానికి పెట్టినవి. రాట్చెట్ బెల్టు (పిడితో బిగించే బెల్టు) కొక్కెం వాటిలో సరిగ్గా కూర్చోదు, బండి ఎగిరినప్పుడు జారి ఊడిపోతుంది. కావలసింది బాడీ లోపల, నాలుగు మూలల్లో గట్టి రింగులు. వాటిని పట్టుకుని మీ బరువంతా వేసి లాగి చూడండి. రేకుకే వెల్డింగ్ చేసినవైతే రేకు ఉబ్బుతుంది. కింద అడ్డ ఇనుముకి బోల్టు వేసి బిగించినవైతే కదలవు. సొంత బండి అయితే ఏ బాడీ బిల్డింగ్ షెడ్డులోనైనా ఇలా వేయించుకోవచ్చు.

ఇంకా చూడాల్సినవి:

- ముందు గోడ దృఢంగా ఉందా, ముందు చక్రం ఆనితే వంగదా
- నేల తడిస్తే జారుతుందా. జారేదైతే రబ్బరు మ్యాట్ కావాలి
- వెనక డోర్ గొళ్లేలు రెండూ పూర్తిగా పడుతున్నాయా
- బాడీలో మేకులు, పదునైన రేకు అంచులు ఉన్నాయా

## 5. ర్యాంపు

బాడీ ఎత్తు రెండున్నర అడుగులు అనుకుందాం. 6 అడుగుల చెక్క వేస్తే వాలు దాదాపు 25 డిగ్రీలు వస్తుంది. బైక్ ఎక్కడం కష్టం, పైకి చేరాక ఇంజిన్ కింది భాగం అంచుకి గీసుకుంటుంది. 8 అడుగుల ర్యాంపు అయితే 18 డిగ్రీలు. ఆ రెండడుగులే మొత్తం కథ మార్చేస్తాయి.

పొడవు ర్యాంపు దొరక్కపోతే బండిని పల్లంలో నిలిపి, మట్టి గట్టు నుంచి ర్యాంపు వేయండి. మన ఊళ్లలో రోడ్డు పక్కన అలాంటి గట్టు వెతకడం పెద్ద పని కాదు. గట్టు బాడీ ఎత్తుకి సమానంగా ఉంటే అసలు ర్యాంపు పనే లేదు, గట్టి చెక్క చాలు.

ర్యాంపు పై చివరని బండికి కట్టడం మరవకండి. బైక్ వెనక చక్రం చెక్కని వెనక్కి తన్నేస్తుంది. ఈ ఒక్క కట్టు లేకపోతే పెద్ద ప్రమాదమే.

## 6. ఎక్కించే వరుస

1. పెట్రోల్ పావు ట్యాంకు చాలు. పాత కార్బ్యురేటర్ బైక్ అయితే పెట్రోల్ ట్యాప్ మూసేయండి, కానీ ఎక్కించాకే.
2. అద్దాలు, ఫోన్ హోల్డర్, ట్యాంక్ బ్యాగ్ తీసేయండి. బైక్‌ని నాలుగు వైపులా ఫోటో తీయండి.
3. ముగ్గురు కావాలి. ఒకరు హ్యాండిల్ దగ్గర ఎడమ వైపు, క్లచ్, బ్రేకు చేతిలో ఉంచుకుని. ఒకరు వెనక. ఒకరు బాడీలో ఒక పక్కగా. బైక్‌కి, గోడకి మధ్య మాత్రం నిలబడకూడదు.
4. ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదులుతూ బైక్‌ని నడిపించుకుంటూ ఎక్కించండి. కూర్చుని ఎక్కించొద్దు. ర్యాంపు మధ్యలో ఆగితే నేలకి కాలు అందదు.
5. ముందు చక్రం గోడకి ఆనాక ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేర్‌లోనే వదిలేయండి.
6. బెల్టులు బిగించేదాకా ఒకరు బైక్‌ని పట్టుకునే ఉండాలి.
7. ముందు రెండు బెల్టులు. ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలే ఫోర్క్. ఫోర్క్‌ని పట్టుకుని ఉండే కింది క్లాంపు చుట్టూ మెత్తటి లూప్ (గుడ్డ పట్టీ ఉచ్చు) వేసి, దానికి బెల్టు తగిలించి, ముందుకీ పక్కకీ లాగుతూ బిగించండి. ఒకసారి అటు, ఒకసారి ఇటు, కొంచెం కొంచెంగా.
8. ఫోర్క్ మూడో వంతు నుంచి సగం దాకా నొక్కుకుంటే చాలు. పూర్తిగా అణిచేస్తే ఆయిల్ సీల్స్ పోతాయి. డర్ట్ బైకులకైతే టైరుకి, మడ్‌గార్డ్‌కి మధ్య చెక్క దిమ్మె పెట్టి బిగించండి, దిమ్మె ఆపిన చోటే ఫోర్క్ ఆగుతుంది.
9. వెనక రెండు బెల్టులు వెనక ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కో వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కో. ఇవి పక్కకి ఊగకుండా ఆపడానికే, మరీ బిగించనక్కర్లేదు.
10. మిగిలిన బెల్టు కొసలు ముడివేసి కట్టేయండి. గాలికి కొట్టుకుంటే పెయింట్ పోతుంది, చైన్లో పడితే ఇంకా నష్టం.

సైడ్ స్టాండ్ పైకి తీసేయాలి. బైక్ నిలబడేది రెండు చక్రాల మీద, నాలుగు బెల్టుల పట్టుతో. స్టాండ్ వేసి కట్టేస్తే ప్రతి గుంతకీ బరువంతా ఆ స్టాండ్ మూలం మీద పడి, ఫ్రేమ్ దగ్గర వంగుతుంది.

"ఏం గాదులేన్నా, మోకు ఏసి బిగిస్తే కదల్దు" అంటాడు డ్రైవర్. ధాన్యం బస్తాలకి అది నిజమే. తాడు మాత్రం నడుస్తూ నడుస్తూ సాగుతుంది; ఫోర్క్ కిందికి, పైకి ఆడేకొద్దీ ముడి వదులవుతుంది. నాలుగు రాట్చెట్ బెల్టులు, నాలుగు మెత్తటి లూపులు సొంతంగా కొనుక్కోండి. బెల్టు మీద కుట్టిన చీటీలో ఎంత బరువుకో రాసి ఉంటుంది. చీటీ లేని బెల్టు కొనొద్దు.

## 7. గేర్‌కి చోటు

బైక్ మీద పెట్టిన శ్రద్ధ గేర్ మీద పెట్టరు. హెల్మెట్‌ని బైక్ హ్యాండిల్‌కి తగిలించి పంపేస్తారు. దారి పొడవునా అది ట్యాంకుని కొడుతూనే ఉంటుంది. ట్యాంకు చొట్ట, హెల్మెట్ గీత, రెండూ నష్టమే.

హెల్మెట్లు క్యాబిన్లో మీ దగ్గరే, బ్యాగులో. జాకెట్, సూట్, గ్లోవ్స్ ఒక బ్యాగ్. బూట్లు, మోకాలి గార్డులు ఇంకో బ్యాగ్. తిరిగొచ్చేటప్పుడు చెమట పట్టినవి, బురద పట్టినవి వేయడానికి ఖాళీ గోనె సంచి ఒకటి వేరుగా ఉంచండి. తడి లెదర్ సూట్‌ని మూసిన బ్యాగులో రాత్రంతా వదిలితే మర్నాటికి బూజు వాసన పట్టుకుంటుంది.

టూల్ బాక్స్, చక్రం లేపి బైక్ నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్‌లు బాడీలోనే, కానీ ముందు గోడకి ఆనించి విడిగా కట్టాలి. బ్రేకు వేసినప్పుడు జారిన ఇనుప స్టాండ్ నేరుగా సైలెన్సర్‌కి తగులుతుంది. చైన్ స్ప్రే డబ్బాలు ఎండ పడని చోట పెట్టండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు నమ్మలేం. పట్టా బండికి కప్పండి, బైక్‌కి వద్దు. తెరిచిన బాడీలో బైక్ కవర్ వేస్తే గాలికి అది రెపరెపలాడుతుంది, లోపల చేరిన ఇసుక ట్యాంకు మీద గరుకు కాగితంలా రుద్దుతుంది. పుత్తూరు దాటేసరికి మెరుపంతా పోతుంది. తడిస్తే తడవనివ్వండి, ఎయిర్ ఫిల్టర్ నోటికీ సైలెన్సర్‌కీ మాత్రం గుడ్డ కుక్కండి. స్టార్ట్ చేసే ముందు తీసేయాలని హ్యాండిల్‌కి ఒక రిబ్బన్ కట్టుకోండి.

## 8. కాగితాలు

కారు లైసెన్స్ ఉంటే చాలా? చాలు. మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న గూడ్స్ బండిని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది. లోడ్‌తో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. అంతకన్నా పెద్దదైతే పర్మిట్ మీరు వెళ్లే రాష్ట్రానికి చెల్లుతుందో లేదో ముందే చూపించమనండి. నగరి దాటితే తమిళనాడు, పలమనేరు దాటాక కర్ణాటక. బోర్డర్ దగ్గర ఆపినప్పుడు వెతుక్కోవడం కుదరదు.

బైక్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు కూడా వెంట ఉంచండి. పికప్ మీద రెండు బైకులు కనిపిస్తే దొంగ బైకులో, ఫైనాన్స్ వాళ్లు ఎత్తుకెళ్తున్నవో అనుకునేవాళ్లే ఎక్కువ.

బైక్‌కి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే రోడ్డు మీదో రైల్లోనో తరలిస్తుండగా జరిగిన నష్టం కూడా మామూలుగా కవర్ అవుతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. రేసింగ్‌లో జరిగిన నష్టానికి మాత్రం ఏదీ రాదు.

చక్రమో హ్యాండిలో బాడీ బయటికి పొడుచుకు రాకూడదు. సరుకు అలా బయటికి వస్తే కేంద్ర చట్టంలో జరిమానా 20,000 రూపాయలు. డబుల్ క్యాబ్ డోర్ తెరిచి వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

## 9. దారిలో

బయల్దేరాక బెల్టులు కొంచెం సర్దుకుంటాయి. మొదటి పది, పదిహేను కిలోమీటర్లకే ఆగి మళ్లీ బిగించాలి. తిరుపతి నుంచి చెన్నై వైపైతే రేణిగుంట దగ్గర, తర్వాత పుత్తూరులో టీ తాగేటప్పుడు. చిత్తూరు నుంచి కోలార్ వైపైతే బంగారుపాళ్యంలో తప్పనిసరి, ఎందుకంటే తర్వాత వచ్చేది మొగిలి ఘాట్.

ఎక్కేటప్పుడు బైక్ వెనక్కి లాగుతుంది. ఆ బరువు ముందు బెల్టుల మీద పడుతుంది. తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు బ్రేకు పడ్డప్పుడల్లా బైక్ ముందుకి తోసుకొస్తుంది. ముందు చక్రానికి, గోడకి మధ్య ఖాళీ ఉంటే ఆ కాస్త దూరం బైక్ జరిగి, ముందు బెల్టులు వదులైపోతాయి. కాబట్టి పలమనేరు దాటాక, ఘాట్ దిగే ముందు ఇంకోసారి ఆగండి. భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె వెళ్లేవాళ్లకీ ఇదే వరుస.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణ

మనిషిని వెనక కూర్చోబెట్టడం. "పిల్లోడు పట్టుకుని కూర్చుంటాడులే" అంటారు. బెల్టులు ఆపలేని 195 కిలోల బైక్‌ని మనిషి ఆపలేడు, బైక్ పడితే పడేది అతని మీదే. చట్టం కూడా ఒప్పుకోదు. నాలుగు బెల్టులు సరిపోవనిపిస్తే ఆరు వేయండి.

హ్యాండిల్ గ్రిప్పులకి బెల్టు వేయడం. గ్రిప్పు తిరిగిపోతుంది, బ్రేకు గొట్టం నలుగుతుంది. కింది క్లాంపుకి మార్చండి.

రెండు బైకుల్నీ కలిపి ఒకే బెల్టుతో కట్టడం. ఒకటి ఒరిగితే రెండోది కూడా పడుతుంది. దేని బెల్టులు దానికే. మధ్యలో పాత పరుపు ముక్క పెట్టండి.

బైక్ ఒక పక్కకి ఒరిగి కనిపించడం. ఒరిగిన వైపు బెల్టుని ముందు వదులు చేసి, ఆ తర్వాత అవతలి వైపు బిగించండి. వదులు చేయకుండా బిగిస్తూ పోతే ఫోర్క్ పూర్తిగా అణిగిపోతుంది.

## 11. దించేటప్పుడు

బండి ఆగగానే బెల్టులు ఊడదీయడం మొదలుపెట్టకండి. ముందు ర్యాంపు వేసి కట్టండి, మనుషుల్ని నిలబెట్టండి. వెనక బెల్టులు మొదట. ముందు వాటిలో ఒకటి తీసేటప్పుడు ఫోర్క్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, బైక్ రెండో వైపుకి లాగుతుంది. అందుకే రెండో వైపు నిలబడి ఒకరు సీటు, హ్యాండిల్ పట్టుకుని ఉండాలి.

వెనక్కి దించేటప్పుడు ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, క్లచ్ పట్టుకోండి. బైక్ జారుతోందనిపిస్తే క్లచ్ వదిలేయండి, వెనక చక్రం పట్టేస్తుంది. ర్యాంపు మీద ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే, బరువు వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి, ముందు చక్రం లాక్ అయ్యి కూడా జారుతుంది.

దించాక అద్దాలు బిగించండి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ గుడ్డలు తీయండి, ఫోర్క్ సీల్స్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో తుడిచి చూడండి. బయల్దేరే ముందు తీసిన ఫోటోలతో పోల్చి చూసుకున్నాకే డ్రైవర్‌కి మిగతా డబ్బు ఇవ్వండి.